జిప్ డిస్కులో వెళ్లిన పుస్తకం

కంప్యూటరులోంచి ఎక్కువ సరుకు పట్టే డిస్కును తీసి చేతపట్టుకుని వెళ్లగలగడం ఎంత వసతో, తమిళనాడులోని ఊత్తంగరైలో కూర్చుని తెలుగు పేజీలు కట్టిన మాలాంటివాళ్లకు బాగా తెలుసు. అక్షరాల కూర్పు, ప్రూఫులు, పేజీ మేకప్ అన్నీ ఇక్కడే అయ్యేవి. రంగుల అట్టకు ఫిల్ములు తీయించాలంటే మాత్రం కృష్ణగిరి, హోసూరు మీదుగా బెంగళూరు బస్సు ఎక్కాల్సిందే. 1990ల చివర్లో టెలిఫోను తీగ మీద అంతేసి ఫైళ్లు పంపే మాటే లేదు. మనిషితోపాటే ఫైలూ ప్రయాణం చేయాలి.

ఎంత ఫైలు? ఏ4 సైజు అట్టను 300 డీపీఐలో నాలుగు రంగులకు సిద్ధం చేస్తే దాదాపు 35 ఎంబీ. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. కుదించకపోతే అట్ట ఒక్కదానికే 25 ఫ్లాపీలు కావాలి. ఏఆర్‌జే ప్రోగ్రాముతో కుదించి, ముక్కలు చేసి, ఫ్లాపీలకు వరసగా నంబర్లు వేసుకుని వెళ్లేవాళ్లం. అందులో ఒక్కటి చదవనని మొండికేస్తే తక్కినవన్నీ బాగున్నా అట్ట లేనట్టే.

తెలుగుకు ఇంకో బరువు కూడా ఉండేది. అను, శ్రీలిపి ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను ఎవరి పద్ధతిలో వారు అమర్చుకున్నవి. అవతలి కంప్యూటరులో అదే ఫాంటు లేకపోతే పేజీ అంతా కలగాపులగం. ఫాంటును లోపలే ఇముడ్చుకున్న పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా మార్చి తీసుకెళ్తే నిశ్చింత. కాకపోతే అది మరీ పెద్దదయ్యేది.

1995లో అయోమెగా కంపెనీ తెచ్చిన జిప్ డ్రైవు ఈ చిక్కును ఒక్క డిస్కుతో తీర్చింది. 100 ఎంబీ, అంటే దాదాపు 70 ఫ్లాపీల సరుకు. డిస్కు మాత్రం ఫ్లాపీకన్నా కాస్త పెద్దది, మందం, అంతే. లోపల ఉన్నది మెత్తని పళ్లెమే అయినా, వేగంగా తిరుగుతున్న దాని మీద హెడ్లు హార్డ్‌డిస్కులో మాదిరి గాలిలో తేలుతాయి. అదే కంపెనీ 1980ల నాటి బెర్నౌలీ బాక్సు అనే డ్రైవులో నేర్చిన విద్య ఇది.

పాత యంత్రాలతో వాడేందుకు జిప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ప్యారలల్ పోర్టు మోడల్. ప్రింటరు తగిలించే చోటే డ్రైవును తగిలించి, ప్రింటరును డ్రైవు వెనక్కి మార్చుకోవచ్చు. పెట్టె విప్పక్కర్లేదు, బయోస్ జోలికి పోనక్కర్లేదు. డాస్‌లో గెస్ట్ అనే చిన్న ప్రోగ్రాము నడిపితే కొత్త డ్రైవు అక్షరం వచ్చేస్తుంది. స్కజీ మోడల్‌తో పోలిస్తే నెమ్మదే. అయినా యూఎస్‌బీ ముఖం చూడని 486 కంప్యూటరుకు, సీడీ డ్రైవైనా లేని పాత ల్యాప్‌టాప్‌కు ఇంతకన్నా మంచి దారి నాకు ఇప్పటికీ కనపడదు. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును హార్డ్‌డిస్కు స్థానంలో పెట్టుకునే పద్ధతి చవకే, మంచిదే. దానికి మాత్రం పెట్టె విప్పాలి.

సీడీ రాసే డ్రైవులు చవకయ్యాక జిప్ పని అయిపోయిందని చాలామంది తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు. చివరి ప్రూఫులో ఒక ఒత్తు దిద్దాల్సి వస్తే సీడీ-ఆర్‌లో రాసినదాన్ని చెరిపి దిద్దే వీలు లేదు. నెమ్మది యంత్రంలో డేటా అందడం ఒక్క క్షణం ఆగినా ఆ సీడీ పాడయ్యేది. జిప్ డిస్కులో ఫైలు తెరిచి, దిద్ది, అక్కడే దాచుకోవచ్చు. ఎవరి పుస్తకం వాళ్ల డిస్కులో ఉండేది. మా కంప్యూటరు హార్డ్‌డిస్కు పోయినా రచయిత పుస్తకం రచయిత దగ్గర భద్రం.

పోటీదారుల్లో ఎల్‌ఎస్-120 గొప్ప ఆలోచన. 120 ఎంబీ డిస్కుతోపాటు మామూలు ఫ్లాపీనీ చదివేది. జిప్‌కన్నా ముందు మాకింటాష్ డీటీపీ వాళ్లు సైక్వెస్ట్ 44 ఎంబీ కార్ట్రిజ్‌లు వాడారు. కానీ ఫిల్ము తీసేచోట ఏ డ్రైవు ఉంటే మన దగ్గరా అదే ఉండాలి కదా!

జిప్‌కో జబ్బుందని దాచను. హెడ్లు దెబ్బతింటే టకటకమని కొట్టుకుంటుంది. 1998లో దీని మీద అమెరికాలో దావా కూడా పడింది. చెడిన డ్రైవు డిస్కు అంచును చీల్చగలదు, ఆ చీలిన డిస్కు మరో మంచి డ్రైవును చెడగొట్టగలదు. అందుకే మీ బీరువాలో జిప్ డిస్కులుంటే, డ్రైవులో పెట్టేముందు లోహపు మూత జరిపి అంచు చూడండి. చిరుగు కనిపిస్తే ఏ డ్రైవులోనూ పెట్టకండి.

అంచు బాగుంటే ఆలస్యం చేయొద్దు. ఆ రోజుల్లో మేం కట్టిన తెలుగు పుస్తకాల్లో కొన్ని మళ్లీ అచ్చుకాలేదు. అను అక్షరాలను యూనికోడులోకి మార్చే సాధనాలు ఇప్పుడున్నాయి, ఫైలు చేతికొస్తే చాలు. డ్రైవు లేనివాళ్లు బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోనో, చెన్నై రిచీ వీధిలోనో పాత సామాను అమ్మేవాళ్లను అడిగి చూడండి. యూఎస్‌బీతో వచ్చిన 250 ఎంబీ మోడల్ దొరికితే అదే తీసుకోండి. అది 100 ఎంబీ డిస్కులనూ చదువుతుంది.