నదిపాటకు మూడు దిద్దుబాట్లు

వ్యంగ్యరచనకు ఎదుటివాని తప్పు కనబడితే చాలదు. ఎవరి పక్షాన నిలిచి నవ్వుతున్నదో కూడా దానికి తెలిసి ఉండాలి. ఎవరి మనస్సూ నొచ్చుకొనకుండా మాటలను మార్చుకొనవలెననే నియమాన్ని ఈనాడు పొలిటికల్ కరెక్ట్‌నెస్ అంటున్నారు. ఆ పేరు జనం నోట పడడానికి ఎంతో ముందే, 1957లో, ఆ ధోరణిని వెక్కిరించిన రేడియో ప్రహసనం ఒకటి ఉన్నది. అది అమెరికాలోని సీబీయస్ రేడియోలో స్టాన్ ఫ్రీబర్గ్ నిర్వహించిన ప్రదర్శనలోనిది.

కథ స్వల్పం. గాయకుడు ‘ఓల్ మాన్ రివర్’ అనే ప్రసిద్ధమైన పాట అందుకొంటాడు. ట్వీడ్లీ అనే పరిశీలకుడు మీట మీద వేలుంచి పక్కనే కూర్చుంటాడు. నదిని ‘ముసలి’ అనగానే బజర్ మోగుతుంది. ముసలివారు నొచ్చుకొంటారు గనుక ‘వయోవృద్ధ’ మనాలి. చెమట అనరాదు, స్వేదమనాలి. కూలివాని యాసలో తెగిపోయిన అక్షరాలన్నీ అతికించాలి. ఆ ఊపులో, ఏ లోపమూ లేని ‘పత్తి’ అనే మాటకు సైతం లేని అక్షరం వచ్చి అంటుకొంటుంది. దిద్దగా దిద్దగా ఒప్పు తప్పయినది.

ఈ హాస్యం చెవికోసమే పుట్టినది. రాగం సాగాలని చెవి కోరుతుంది. బజర్ దానిని తెంచుతుంది. కొంతసేపటికి శ్రోత పాటను వదలి బజరు కోసమే ఎదురుచూస్తాడు. గాయకుడు కూడా అంతే. మద్యపానం మాట వచ్చే చరణం సమీపించగానే, బజర్ మోగకమునుపే ఓటమి ఒప్పుకొని పాట మానుకొంటాడు. నిషేధం లోపలికి ఎట్లా ఇంకుతుందో ఇంత క్లుప్తంగా చూపడం సామాన్యమైన పని కాదు. పొగాకు ప్రకటనలను నిరాకరించి, పోషకులు లేకుండానే పదిహేను వారాలు ప్రదర్శన నడిపిన ఫ్రీబర్గ్‌కు ఆ మాట అనే అర్హత కూడా ఉన్నది.

అయితే ఆ పాట చరిత్ర ఇంకొక సంగతి చెబుతున్నది. జెరోమ్ కెర్న్, ఆస్కార్ హామర్‌స్టైన్ 1927లో ‘షో బోట్’ నాటకానికి కూర్చిన పాట అది. మిసిసిపీ ఒడ్డున బరువులు మోసే నల్లజాతి కూలివాడు పాడేది. మొదట అందులో నల్లవారిని కించపరిచే మాట ఉండేది, తరువాత మార్చివేశారు. ఆ మార్పును చాదస్తమనగలవారెవరు? పాల్ రోబ్సన్ మరింత ముందుకు వెళ్ళినాడు. తాగి చెరసాల పాలయ్యే మనిషిని, ధైర్యం చూపినందుకు చెరసాల పాలయ్యేవానిగా తన కచేరీలలో మార్చుకొన్నాడు. ప్రహసనంలో గాయకుడు భయపడి ఆగిన తావు సరిగా అదే! ఆ 1957లోనే పాస్‌పోర్టు లేక దేశం దాటలేని రోబ్సన్, అక్టోబరులో టెలిఫోను తీగ మీదుగా వేల్సు గనికార్మికులకు పాడి వినిపించినాడు. ఒకని దిద్దుబాటు పాట గొంతు నొక్కినది. ఇంకొకనిది దానికి గొంతునిచ్చినది.

మూడవ దిద్దుబాటు బంగాళానికి చెందినది. న్యూయార్కులో చదువుకొనే రోజులలో రోబ్సన్‌ను కలిసిన భూపేన్ హజారికా, ఆ ప్రేరణతో మొదట అస్సామీలోను, పిమ్మట వంగభాషలోను నదిపాట కట్టినాడు. మిసిసిపీ మౌనంగా సాగిపోయేది. హజారికా గంగ మాత్రం జనం బాధ చూస్తూ ఎందుకు ప్రవహిస్తున్నావన్న ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి. హైదరాబాదులో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన తెలుగువాడు ఇప్పుడు దిగే షాలిమార్ స్టేషను ఆ గంగపాయ అయిన హుగ్లీకి పడమటి దిక్కున ఉన్నది. ఆ ఒడ్డున జనుపనార మిల్లులలో తెలుగు కూలీలు తరాలపాటు చెమటోడ్చినారు. దానిని స్వేదమన్నంత మాత్రాన వారి కూలి పెరగలేదు. చెమట అన్నంత మాత్రాన వారికి అవమానమూ కలుగలేదు.

తెలుగువారికి ఈ వివేకం కొత్తది కాదు. ‘కన్యాశుల్కం’లో గురజాడ అప్పారావుగారు సంస్కరణపు మాటలను వల్లించే గిరీశాన్ని నవ్వులపాలు చేసినారు, బుచ్చమ్మ దుఃఖాన్ని మాత్రం నవ్వులపాలు చేయలేదు. వితంతు వివాహం గిరీశం నోట ఎత్తుగడ అయినంత మాత్రాన, అది అసత్యం కాలేదు. ఆ తూనికతో తూచినప్పుడు ఫ్రీబర్గ్ ప్రహసనం సగం సత్యమే చెప్పినట్లు తేలుతుంది. మీట మీది వేలును అది చక్కగా పట్టుకొన్నది. పాటలోని కూలివానిని మరచినది. మాట మార్చమన్న ప్రతివానినీ ట్వీడ్లీ అని నవ్వడం నేడు సులభమైనది. ఆ నవ్వుకు ముందు రచయిత అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మార్పును కోరుతున్నది కావలివాడా, బరువు మోసేవాడా?