కోహీర్ ప్రేక్షకుల తీర్పు

మొదటి ఆట ముగిసి జనము వెలుపలికి వచ్చువేళ గేటువద్ద నిలిచి 'ఎట్లుంది?' అని యడుగుట మన తెలుగునాట తరతరములుగా సాగుచున్న ఆచారము. ఆ ప్రశ్నకు వచ్చు జవాబులన్నియు కలిసి సాయంకాలమునకు 'టాక్' అగును. ఆ టాక్ మరునాటికి జిల్లాలు దాటును. కోట్ల రూపాయలు వెచ్చించి తీసిన చిత్రముయొక్క ఆయుర్దాయము పెక్కుమారులు దానిచేతనే నిర్ణీతమగును. ఈ శీర్షిక వ్రాయుట మొదలిడినది మొదలు ఆ జవాబులను వినుట నా వృత్తిలో ముఖ్యభాగమై యున్నది. వినగా వినగా నాకు దృఢపడిన విశ్వాస మొక్కటి కలదు: ప్రేక్షకుని అభిప్రాయమును 'హిట్టు', 'ఫట్టు' అను రెండు మాటలకు కుదించి లెక్కకట్టుట అతని బుద్ధికి మనము చేయు అపచారము. అతడు 'బాగుంది' అన్న పిమ్మట ఒక్క నిమిష మాగి 'ఏమి బాగుంది?' అని యడిగినచో, అతని నోటినుండి వెలువడు రెండవ వాక్యములో నిజమైన విమర్శ యుండును.

ఈ మాటకు నిదర్శనముగా, మన నేలతో ఏ సంబంధమును లేనట్లు కనబడు ఒక ఇంగ్లీషు చిత్రమును, దానిపై కోహీర్ వాసులు చెప్పిన మాటలను ఈ వారము పాఠకుల ముందుంచుచున్నాను. ఆ చిత్రము 'అండర్‌వరల్డ్'. 2003వ సంవత్సరమున విడుదలైన ఈ చిత్రమునకు దర్శకుడు లెన్ వైజ్‌మన్. దర్శకుడుగా అతనికి ఇదియే తొలిచిత్రము. హంగేరీ రాజధానియైన బుడాపెస్ట్ వీథులలో, ఎడతెగని వానలో, నీలిచీకటిలో చిత్రీకరింపబడిన ఈ కథ రక్తపిశాచములకును తోడేలు మనుష్యులకును శతాబ్దములుగా జరుగుచున్న యుద్ధమునకు సంబంధించినది. నాయిక సెలీన్ రక్తపిశాచ సైన్యములోని యోధురాలు. ఆ పాత్రను కేట్ బెకిన్‌సేల్ ధరించెను. అమెరికాలోని పత్రికా విమర్శకులలో పలువురు ఈ చిత్రమును చూచి పెదవి విరిచిరి. అయినను సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లతో నిర్మితమైన ఆ చిత్రము ప్రపంచమంతట 9 కోట్ల 50 లక్షల డాలర్ల వరకు రాబట్టి, 2016వ సంవత్సరము నాటికి మరి నాలుగు చిత్రములకు తల్లియైనది. పండితుల తీర్పునకును పామరుల తీర్పునకును ఇంత దూర మేర్పడినప్పుడు పామరు లేమి చూచిరో తెలిసికొనుట విమర్శకుని ధర్మము.

కోహీర్ జహీరాబాదునకు పొరుగూరు. ఎఱ్ఱనేలయు, ఆ నేలలో పండు జామయు దీనికి పేరు తెచ్చినవి. మౌలానా మొయిజుద్దీన్ తుర్కీ దర్గా ఇక్కడ నున్నది. తెలుగును ఉర్దూను ఒకే శ్వాసలో మాటలాడు జన మిది. పొరుగుననే బీదరు కన్నడము. అవతల మరాఠీ సీమ. ఇన్ని భాషలు వినుచు పెరిగిన చెవులకు పరభాషా చిత్ర మొక వింతవస్తువు కాదు. హిందీ మాటలు తొడిగిన ఇంగ్లీషు చిత్రములను టీవీలలోను, చేతిఫోనులలోను, ఉపశీర్షికల ప్రమేయము లేకయే వీరు చూచుచుందురు. చూచినదానిని చాయ్ హోటలులో తర్కింతురు.

అట్టి చర్చయొకటి నేను దగ్గరనుండి వింటిని. రాత్రి టీవీలో ఆ చిత్రము వచ్చినది. తెల్లవారి హోటలు బల్లచుట్టు దానిని చూచినవారు నలుగురు కూడిరి. లారీ నడుపు యువకుడొకడు మొదట అందుకొనెను: "ఫైటింగులైతే మస్తున్నయ్ సార్. గానీ నాకొక్కటి సమజ్ కాలే. రక్తం తాగెటోళ్లకు తుపాకులెందుకు?" ఎదుట కూర్చున్న జామతోట యజమాని, వయస్సు మళ్లినవాడు, గ్లాసు దించి తల యూచెను: "గదే నేననేది బిడ్డా. మా చిన్నప్పుడు దయ్యమంటే దయ్యమే. దానికొక తీరుంటుండె. గీళ్లు సర్కారు ఫౌజు లెక్క కొట్లాడ్తున్నరు." కుట్టుమిషను పని చేయు పెద్దమనిషి ఒకడు ఉర్దూలో తన తీర్పు వినిపించెను: "కహానీ అచ్ఛీ హై సాబ్, మగర్ బహుత్ దేర్ సే ఖుల్తీ." కథ మంచిదే గాని తలుపు చాల ఆలస్యముగా తెరచుకొన్నదని ఆయన ఫిర్యాదు.

ఈ మూడు మాటలును సామాన్యములు కావు. మొదటిమాట ఈ చిత్రముయొక్క మర్మస్థానమును తాకినది. ఇందులో తోడేలు మనుష్యులు సూర్యకాంతిని పోలిన వెలుగు నింపిన గుండ్లతో రక్తపిశాచములను కాల్తురు. రక్తపిశాచములు ద్రవరూపమున వెండి నింపిన గుండ్లతో వారిని కాల్తురు. ఎండకు పిశాచమును వెండికి తోడేలును లొంగునను పాతనమ్మకమును తుపాకిగొట్టములోనికి దింపినారన్నమాట. కల్పన చమత్కారమైనదే, కాని కోరలును గోళ్లును కలిగిన ప్రాణులు గోడచాటున నక్కి గుండ్లు పేల్చుకొనుచుండగా వారి జాతిస్వభావము మఱుగుపడినది. రక్తమును త్రాగుట యను భయంకరమైన అవసరము ఈ పిశాచముల నిత్యజీవితములో దాదాపు కనబడనే కనబడదు. సీసాలలో నింపిన రక్తము బల్లపైనున్నప్పుడు ఆకలికి అర్థమేమి? లారీ డ్రైవరు అడిగిన ప్రశ్నకు ఆ చిత్రములో సమాధానము లేదు.

రెండవమాట మన సంప్రదాయమునుండి వచ్చినది. 'దానికొక తీరుంటుండె' అని ఆ రైతు చెప్పినప్పుడు అతని మనస్సులో నున్నవి ఏవో నే నెఱుగుదును. ఆ తరమువారికి దయ్యమును చూపినవాడు విఠలాచార్య. ఉడుపి ప్రాంతమున పుట్టి, తెలుగు ప్రేక్షకులచేత జానపదబ్రహ్మ యనిపించుకొన్న ఆ దర్శకుడు, పరిమితమైన వ్యయముతో, కెమెరా మాయలతో, పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లనే పెట్టి వంటచేయు దయ్యమును చూపి ఊళ్లను ఊళ్లను హాళ్లకు రప్పించెను. ఆ దయ్యము ఎంత వికృతమైనదైనను అది లొంగు మంత్రమొకటి, దాటలేని గీతయొకటి ఉండితీరును. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడంతవాడును సాహసియైన యువకుని బలియిచ్చినగాని దేవిని ప్రసన్నురాలిని చేసికొనలేడు. ఆ నియమమే తోటరాముని చేతిలో వానికి ఉరియైనది. 'చందమామ' చదివి పెరిగిన ప్రతి తెలుగుబిడ్డకును బేతాళుని నియమము కంఠోపాఠము: రాజు సమాధానము తెలిసియు చెప్పకున్నచో తల పగులును, చెప్పినచో మౌనభంగమై శవము మరల చెట్టెక్కును. ఇటు పోయినను చిక్కు, అటు పోయినను చిక్కు. ఆ చిక్కులోనే కథకు ప్రాణ మున్నది. ఇట్టి కథల శిక్షణ పొందిన ప్రేక్షకుడు ఏ దేశపు పిశాచము తన ముందుకు వచ్చినను మొట్టమొదట దాని నియమమేమని విచారించును. అది అతని అలంకారశాస్త్రము. ఏ విశ్వవిద్యాలయమును అతనికి నేర్పలేదు, అవ్వలు నేర్పిరి.

ఆ లారీ యువకుడే కొంతసేపటికి మరల తోడేళ్ల ప్రసంగము తెచ్చెను. 2022 నవంబరులో హిందీ 'భేడియా' తెలుగున 'తోడేలు' అను పేరుతో విడుదలైనది. అరుణాచల్ అడవికి రోడ్డు వేయబోయిన మనుష్యుడు తోడేలై ఆ అడవికే కాపరి యగుట దాని కథ. 2025 దీపావళి వేళ వచ్చిన 'థామా'లో ఆ తోడేలే బేతాళ తెగలో చేరిన నాయకునితో తలపడును. యువకుడు రెండింటిని చూచినవాడు. "దాంట్ల బేతాళులకు మనుషుల రక్తం ముట్టొద్దని ఒట్టున్నది సార్. ఒట్టు తప్పుతడా లేదా అని మనకు గుబులు. గా గుబులు ఇంగ్లీషు దాంట్ల లేదు" అని అతడు తేల్చిచెప్పెను. గ్రాఫిక్సులో, వేషములలో, పోరాటముల కూర్పులో ఇంగ్లీషు చిత్రమే మేలని అతడే ఒప్పుకొనెను. పాట్రిక్ టాటోపౌలోస్ రూపొందించిన ఆ తోడేలు దేహముల బరువు, వాటి నడకలోని క్రూరత్వము అతని కంటికి ఆనినవి. అయినను గుబులు లేదన్నాడు. మెచ్చవలసినదానిని మెచ్చి లోపము నొక్కమాటలో చూపిన ఈ యువకునికంటె నిష్పాక్షికమైన సమీక్షకుని ఎక్కడ వెదకవలెను?

ఇక నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసిన మాట హోటలులో వినబడినది కాదు. జామకాయలను పెద్దవి, చిన్నవి, మచ్చపడినవి అని వేరుచేసి ట్రేలలో పేర్చుచున్న కూలిస్త్రీలలో ఒకామె ఇంటిలో పిల్లలతో కలిసి ఆ చిత్రమును చూచెనట. ఎట్లున్నదని అడుగగా, చేతులు ఆపకయే ఇట్లు చెప్పెను: "కొట్లాటలు నాకేం ఎరుక సార్. గానీ ఆ పిల్లను కన్నతండ్రే ఎండల వెట్టి సంపిండు గదా. జీతగానితోని కలిసిందని. అండ్ల తోడేలోడు జీతగాడే గదా! మరి తప్పెవలిది?"

చిత్రమును చూడని పాఠకులకై ఆమె చెప్పిన ఘట్టమును వివరింపవలెను. పిశాచప్రభువైన విక్టరు కుమార్తె సోన్యా. లూషియన్ తోడేలు జాతివాడు. ఒకప్పుడు తోడేలు మనుష్యులు ఆ ప్రభువులకు బానిసలు. సూర్యుని ముఖము చూడలేని యజమానులకు పగటిపూట కావలికాయుట వారి చాకిరి. ఆ బానిసను ప్రభువు కూతురు ప్రేమించి గర్భవతి యగును. రక్తము కలుషితమగునని తండ్రి ఆమెను సూర్యకాంతికి అప్పగించి చంపించును. గొలుసులతో బంధింపబడిన లూషియన్ ఆ దృశ్యమును కనులార చూడవలసివచ్చును. శతాబ్దముల యుద్ధమంతయు ఆనాటి ఉదయమునుండి పుట్టినది. సెలీన్ కుటుంబమును చంపినదికూడ తోడేళ్లు కావనియు, తండ్రివలె తన్ను పెంచిన ఆ ప్రభువే యనియు తుదకు బయటపడును. దర్జీ పెద్దమనిషి ఆలస్యముగా తెరచుకొన్నదన్న తలుపు ఇదే. తుపాకులమోత తగ్గించి ఈ తలుపును ముందే తెరచియున్నచో చిత్రము ఇంకను గొప్పదై యుండెడిదని నా అభిప్రాయమును.

'జీతగాడు' అను మాట ఆ కూలిస్త్రీ నోట ఊరక రాలేదు. దొరల గడీలలో తరములకు తరములు వెట్టిచేసిన నేల ఇది. ఆ వెట్టిచాకిరిపై గళమెత్తిన ఆంధ్రమహాసభ ప్రథమ సమావేశము సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన 1930లో జరిగినది ఈ జిల్లాలోని జోగిపేటలోనే. కులము తప్పిన కూతురును తండ్రియే చంపించిన వార్తలు నేటికిని మన పత్రికలలో వచ్చుచునే యున్నవి. బుడాపెస్ట్ చీకటిలో విదేశీయుల మొగములతో నడచిన కథలో ఆమె గడీని గుర్తుపట్టెను, దొరను గుర్తుపట్టెను, జీతగానిని గుర్తుపట్టెను.

ఆమె ఊహ గాలిలో పుట్టినది కాదని చెప్పుటకు నాకొక ఆధారము కలదు. ఈ కథను అల్లినవారిలో ఒకడైన కెవిన్ గ్రేవియో అమెరికాలోని నల్లజాతికి చెందిన నటుడు, రచయిత. చిత్రములో తోడేళ్ల పక్షమున రేజ్ అను పాత్ర ధరించినవాడు. వర్ణాంతర ప్రేమయే ఈ కల్పనకు తనకు ప్రేరణ యని ఆయనయే చెప్పియున్నాడు. రచయిత హృదయములో ఏ బాధనుండి ఈ కథ మొలకెత్తినదో ఆ బాధనే కోహీర్ జామబజారులోని స్త్రీ, ఆ రచయిత పేరైనను ఎఱుగనిది, సూటిగా పట్టుకొనెను. పిశాచములు, తుపాకులు, నల్లతోలు దుస్తులు అను పైపై మెఱుగులవద్దనే ఆగిపోయిన సమీక్షకులు ఎందఱో ఆమె చేరినచోటికి చేరలేదు. సహృదయుడనగా కవిహృదయముతో సమానమైన హృదయము కలవాడని మన ఆలంకారికులు నిర్వచించిరి. ఆ నిర్వచనమునకు ఈమె ముమ్మాటికి తగినది.

కావుననే నేటి గేటువద్ద జరుగు తంతును చూచినప్పుడు నాకు బాధ కలుగును. జనము ఇంకను మెట్లు దిగకముందే మైకులు మొగములకు తగులును, 'బ్లాక్‌బస్టరేనా?' అని జవాబును లోపల దాచిన ప్రశ్న వచ్చును. కెమెరాను చూచిన కుఱ్ఱవాడు హీరోపేరు చెప్పి కేక వేయును. ఆ కేకయే ప్రజాభిప్రాయమని లోకమునకు పంపబడును. ప్రేక్షకునికి ఆలోచించు వ్యవధి యెక్కడ? ఆ కూలిస్త్రీ ముందు మైకు పెట్టి అయిదు నక్షత్రములలో ఎన్ని ఇత్తువని యడిగియున్నచో ఆమె సిగ్గుపడి మొగము త్రిప్పుకొని యుండెడిది. ఆ మహత్తరమైన ప్రశ్న, 'తప్పెవలిది?' అను ప్రశ్న, మన కెన్నటికిని వినబడకపోయెడిది.

వినువిద్యకు నా అనుభవములో నియమములు మూడు. సినిమా చూచిన మరునాడు అడుగవలెను. రాత్రి గడచిన పిమ్మట మనస్సులో మిగిలినదే గట్టిసరకు. బాగున్నదా యని యడుగక, ఇంటిలో ఎవరికైన చెప్పిన ఘట్టమేదని యడుగవలెను. జవాబు వచ్చునప్పుడు మధ్యలో మన పాండిత్యమును దూర్చక మౌనము వహింపవలెను. ఈ మూడును పాటించినచో అతిసామాన్యమైన పోరాటచిత్రముపైకూడ ఆశ్చర్యకరమైన మాటలు వినవచ్చును.

పాఠకులారా, ఈ ఆదివారము మీ ఇంటిలో ఎవరైన ఒక సినిమా చూచి లేచినప్పుడు, అది మీకు రుచింపని పిశాచముల కథయైనను సరే, మీ అభిప్రాయమును కొంచెము ఆపి, మరునాడు ఉదయమున వారిని అడుగుడు. వంటయింటిలోనివారిని అడుగుడు, మీ పొలములో పనిచేయువారిని అడుగుడు, బడికి పోవు పిల్లలను అడుగుడు. అడిగి, పూర్తిగా వినుడు. మన సినిమా విమర్శ బాగుపడవలెనన్నచో అది మొదలుకావలసినచోటు అక్కడనే.