అంచు నుంచి నడిమికి: సిద్దీ స్త్రీల కవంది కుట్టుపని

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, పడమటి కనుమల అడవుల నడుమ, హళియాళ, యల్లాపుర, ముండగోడ తాలూకాల పల్లెల్లో నివసించే సిద్దీ స్త్రీలు పాతబట్టల ముక్కలతో కుట్టే బొంతను కవంది అంటారు. తెలుగు ఇళ్లలో నలిగిన చీరలూ పంచెలూ పొరలుగా పరిచి కుట్టుకునే బొంతకూ, మహారాష్ట్రలోని గోధడీకీ, కన్నడ పల్లెల కౌదికీ అది దగ్గరి చుట్టమే అయినా, కుట్టే క్రమంలోనూ రంగుల కూర్పులోనూ దానిది వేరైన దారి. కవందిని కళగా మెచ్చుకునేవారు చాలావరకు ఆ రంగుల దగ్గరే ఆగిపోతారు. వంటకూ పొలం పనికీ మధ్య దొరికిన వేళల్లో, ఇంటి అరుగు మీద, ఒక స్త్రీ చేతిలో తయారయ్యే వస్తువు కావడమే దాని నిర్మాణాన్ని చాలావరకు తీర్చిదిద్దిందన్న సంగతి వారి దృష్టికి రాదు. కవంది విలువను అంచనా కట్టడానికి మొదలుపెట్టవలసింది అక్కడినుంచే.

సిద్దీలు ఆఫ్రికా సంతతివారు. పోర్చుగీసువారు తూర్పు ఆఫ్రికా తీరం నుంచి బానిసలుగా గోవాకు తెచ్చిన వారిలో కొందరు తప్పించుకొని కనుమలు దాటి ఈ అడవుల్లో స్థిరపడ్డారని చరిత్రకారులు చెబుతారు. నేడు వారిలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు మూడు మతాలవారూ ఉన్నారు. కొంకణి ఛాయలున్న తమ మాటతోపాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ కూడా వారి నోట వినిపిస్తాయి. ఉత్తర కన్నడ సిద్దీలకు 2003లో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు లభించింది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు రావడానికి కారణమైన నిజాం ఆఫ్రికన్ అశ్విక దళం వారసులు కూడా సిద్దీలే అయినా, వారు కొలువు సైనికులుగా వచ్చినవారు గనుక వారి కథ వేరు. కవంది మాత్రం అడవి అంచున కూలీనాలీ చేసుకుని బతికిన కుటుంబాల సొత్తు.

కవందికి ఆధారం అడుగుబట్ట. చాలాసార్లు అది చిరుగులు పట్టిన నూలుచీర; అనేకసార్లు ఉతికిన నూలు గంజి పోయి మెత్తబడుతుంది కాబట్టి ఒంటికి తగిలే వైపు దానినే ఉంచుతారు. దాని మీద రవికెల, లంగాల, చొక్కాల, లుంగీల ముక్కలను పరుస్తూ కుడతారు. పాశ్చాత్య పద్ధతిలో కుట్టే క్విల్టుకు మూడు దశలుంటాయి: ముందుగా ముక్కలను ఒకదానితో ఒకటి కలిపి పైబట్ట తయారుచేస్తారు, ఆ తర్వాత పైబట్టకూ అడుగుబట్టకూ మధ్య దూదిపొర పెడతారు, చివరకు మూడింటినీ కలిపి కుడతారు. కవందిలో ఈ దశలు విడివిడిగా ఉండవు. దూదిపొర అసలే లేదు. ముక్కను అతికే కుట్టే పొరలను బిగించే కుట్టు కూడా. మడతలూ అతుకులూ ఒకదానిపై ఒకటి ఎక్కినకొద్దీ పెరిగే బట్ట మందమే వానాకాలపు తేమచలిని ఆపుతుంది.

పని ఒక మూల నుంచి మొదలవుతుంది. మొదటి ముక్క వెలుపలి అంచునూ, అడుగుబట్ట అంచునూ లోపలికి మడిచి, ఆ రెండు మడతలను కలుపుతూ సూదిని కిందికీ పైకీ పోనిస్తూ సాగుతారు. దర్జీలు రన్నింగ్ స్టిచ్ అనేది ఈ కుట్టునే. రెండో ముక్క మొదటిదాని అంచు మీదికి కొద్దిగా ఎక్కుతుంది, దాని అంచు కూడా పీచు బయటపడకుండా లోపలికి మడతపడుతుంది. ఇలా నాలుగు వైపులా ఒక చుట్టు తిరిగి బయలుదేరిన మూలకు చేరాక, కొద్ది దూరం లోపలికి జరిగి రెండో చుట్టు మొదలవుతుంది. ముక్కలు తరిగినకొద్దీ కొత్తవి చేరుతూ, చుట్లు చిన్నవవుతూ, కుట్టు చివరకు నడిమికి చేరి ముగుస్తుంది. దారం ముతక నూలుదారం, ఎక్కువగా తెల్లనిది. కుట్లు పొడవుగా, దూరం నుంచి కూడా కనబడేలా పడతాయి. పూర్తయిన కవందిని తిరగేసి చూస్తే, ముందువైపు రంగుల సందడిలో దాగిన ఆ వరుసలు చీర మీద ఒకదానిలో ఒకటి ఇమిడిన చతురస్రాలుగా విడిగా కనిపిస్తాయి. ఏ చెయ్యి నిదానంగా నడిచిందో, ఎక్కడ దారం మారిందో అక్కడ చదువుకోవచ్చు.

ఈ క్రమంలోని తెలివి ఇంటి దినచర్యను తలచుకుంటే బోధపడుతుంది. అంచులు ముందే బిగిసి ఉండడంవల్ల పనిని ఏ క్షణంలోనైనా చుట్టి పక్కన పెట్టవచ్చు. బిడ్డ ఏడ్చినా, పొయ్యి మీద అన్నం పొంగినా, మర్నాడు మళ్లీ విప్పినప్పుడు ముక్కలు చెదిరిపోవు. చట్రం అక్కర్లేదు, బల్ల అక్కర్లేదు, మొత్తం బట్టను ఒక్కసారిగా పరవడానికి సరిపడే గది కూడా అక్కర్లేదు. ముందుగా గీసుకున్న నమూనా ఉండదు కాబట్టి, ఇప్పుడు చేతిలో ఉన్న ముక్క పక్కన ఏ రంగు నిలుస్తుందన్న నిర్ణయం కుడుతున్నప్పుడే జరగాలి. ఎరుపు ఒక మూలన ఎక్కువైతే ఎదుటి మూలన దానికి తూకంగా మరో ఎరుపును చేర్చడం, పూల రవికె ముక్కను గళ్ల లుంగీ పట్టీతో ఆపడం, ఈ రకమైన తీర్పులు వందల సంఖ్యలో ఒక్క కవందిలో ఇమిడి ఉంటాయి. స్టూడియో అనే మాటకు కిటికీలున్న పెద్ద గదినే ఊహించుకునేవారు, తీర్పు జరిగే చోటే పనిశాల అని ఒప్పుకుంటే, ఈ అరుగులకు ఆ గౌరవం దక్కక తప్పదు.

నాలుగు మూలలా చిన్న గుడ్డముక్కలను పలు మడతలుగా మడిచి, అంచు దాటి బయటికి పొడుచుకువచ్చేలా కుడతారు. వీటిని పూలు అనే అర్థంలో ఫులా అంటారు. ఇవి వెచ్చదనాన్ని పెంచవు, గట్టిదనాన్నీ ఇవ్వవు. అయినా ఇవి లేని కవంది ఒంటిమీద బట్ట లేనట్టుంటుందని కుట్టేవారు భావిస్తారు. అవసరం కోసం మాత్రమే కుట్టిన దుప్పటి అని ఎవరైనా తీసిపారేస్తే, వారికి ఈ నాలుగు మూలలే జవాబు. క్రైస్తవ కుటుంబాల కవందుల్లో శిలువ, ముస్లిం కుటుంబాల కవందుల్లో నెలవంక అప్పుడప్పుడు కనిపించినా, కుట్టే పద్ధతి మాత్రం మూడు మతాలవారికీ ఒక్కటే. ఉయ్యాలలో బిడ్డకు చిన్నది, ఇంటిల్లిపాదీ కప్పుకోవడానికి పెద్దది అన్నట్టు కొలతను వాడకం నిర్ణయిస్తుంది.

కవందిని చూసిన కళాభిమానులకు వెంటనే గుర్తొచ్చేది అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, నది మలుపులో ఉన్న గీస్ బెండ్ ఊరు. అక్కడి ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలు అరిగిన పనిబట్టలతో కుట్టిన క్విల్టులు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలోనూ, ఆపైన న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ ప్రదర్శితమై, ఆధునిక చిత్రకళతో సమానంగా చర్చకు వచ్చాయి. రెండింటిలోనూ ధైర్యమైన రంగులు, సూటిగా సాగని పట్టీలు, నమూనాను కావాలని తప్పించడం కనిపిస్తాయి. అయితే ఈ పోలికను ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న ఒకే వారసత్వానికి రుజువుగా చూపడం తొందరపాటు. అమెరికాకు చేరిన బానిసల్లో ఎక్కువమంది పశ్చిమ, మధ్య ఆఫ్రికా నుంచి వచ్చినవారు, సిద్దీలు తూర్పు తీరం నుంచి వచ్చినవారు. పైగా పాతబట్టను పొరలుగా కుట్టుకోవడం దక్కను పల్లెలన్నిటికీ తెలిసిన విద్య. సిద్దీ స్త్రీలు ఈ నేల పనితనాన్ని అందుకొని, దానికి తమ కంటికి నచ్చిన లయనిచ్చారనడమే న్యాయంగా తోస్తుంది. అలా అనడంవల్ల వారి గొప్పతనం తగ్గదు. దాచిపెట్టిన జ్ఞాపకంగా కాక, వారు ఎంచుకొని తీర్చిన కళగా కవంది నిలుస్తుంది.

ఇంటికీ చుట్టాలకూ కుట్టుకున్న కవంది సంతకు చేరినది ఈ శతాబ్దంలోనే. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా కళాచరిత్ర బోధించిన హెన్రీ డ్రూవల్ సిద్దీ పల్లెల్లో పరిశోధన చేస్తూ ఈ పనిని వెలుగులోకి తేగా, 2004లో స్త్రీల సహకార సంఘం ఏర్పడింది. 2011లో న్యూయార్క్‌లోని షోంబర్గ్ సెంటర్‌లో కవందులు ప్రదర్శితమయ్యాయి. అమ్మకం ఆదాయాన్నిచ్చింది గానీ కొత్త ఒత్తిళ్లనూ తెచ్చింది. కొనేవారు మాసిపోని కొత్తబట్టను, పరుపు కొలతకు సరిపోయే సైజును, గోడకు నప్పే రంగును అడుగుతారు. కొత్తబట్టతో కుట్టినప్పుడు ముక్క చరిత్ర పోతుంది, మెత్తదనం పోతుంది, ఉన్నదానితోనే కూర్పు సాధించవలసిన కట్టుబాటూ సడలుతుంది; ఈ మూడోదే కళకు పెద్ద నష్టం.

బట్ట విషయంలో ఇంకో మార్పు కూడా ఉంది. పల్లెల్లో నూలుచీర తగ్గి పాలిస్టర్ పెరిగింది. పాలిస్టర్ అంచు మడిస్తే నిలవదు, వేళ్ల కింద జారుతుంది, చెమటను పీల్చదు. ఆ బట్టను దగ్గరదగ్గరగా పడే కుట్టుతో లొంగదీయాలి, అంటే ఒక్కో కవందికి పట్టే వేళ పెరుగుతుంది. కానీ కొనేవారు బేరమాడేది బొంత పొడవు వెడల్పులను చూసి. కుట్టు వరుసల దట్టాన్ని, వాడిన బట్ట రకాన్ని బట్టి వెల కట్టి, కుట్టిన స్త్రీ పేరును ఆమె సమ్మతితో ప్రతి బొంతకూ జతచేస్తే, ఆ అదనపు వేళకు తగిన కూలి అడగడానికి ఆమెకు ఆధారం దొరుకుతుంది.