రజియా చరిత్ర: ముగ్గురు సాక్షులు

తెలుగు పాఠ్యపుస్తకాలలోనూ, పిల్లల కథల పుస్తకాలలోనూ ఆమె పేరు "రజియా సుల్తానా". ఆమె కొలువులో ఉన్నవారు మాత్రం ఆమెను అలా పేర్కొనలేదు. ఆమె సమకాలికుడైన ఖాజీ మిన్హాజ్ సిరాజ్ జుజ్జానీ తన "తబఖాతె నాసిరీ"లో ఆమె అధ్యాయానికి పెట్టిన శీర్షికలో ఆమె "సుల్తాన్". తండ్రికి, సోదరులకు ఏ బిరుదో ఆమెకూ అదే. "సుల్తానా" అంటే సుల్తాన్ భార్య అనే అర్థం కూడా ఉంది. చివర ఒక్క దీర్ఘం చేరేసరికి సింహాసనం మీద కూర్చున్న మనిషి అంతఃపురంలోకి వెళ్ళిపోయింది. ఈ చిన్న మార్పు వెనుక దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ కథనం ఉంది. ఆ కథనాన్ని ఎవరు, ఎప్పుడు, దేని ఆధారంగా చెప్పారో విచారించకుండా రజియాను గురించి మెచ్చుకోలుగానో, నిందగానో మాట్లాడడం న్యాయం కాదు.

జరిగిన సంగతులు క్లుప్తంగా ఇవి. సుల్తాన్ షంసుద్దీన్ ఇల్తుత్మిష్ పెద్ద కుమారుడు నాసిరుద్దీన్ మహ్మూద్ 1229లో మరణించాడు. గ్వాలియర్ విజయం తర్వాత సుల్తాన్ తన కుమార్తెను వారసురాలిగా వ్రాయించాడు. ఎదిగిన కొడుకులుండగా ఇదేమిటని అమీర్లు అడిగితే, కొడుకులు విలాసాలలో మునిగి ఉన్నారనీ, తన తర్వాత ఆమెకంటే యోగ్యులు లేరని వారికే తెలుస్తుందనీ జవాబిచ్చాడు. అయినా 1236లో ఆయన కన్ను మూయగానే అమీర్లు రుక్నుద్దీన్ ఫిరోజ్‌ను గద్దె మీద కూర్చోబెట్టారు. పెత్తనం అతని తల్లి షాహ్ తుర్కాన్ చేతికి పోయింది. సవతి బిడ్డలలో ఒకడైన ఖుత్బుద్దీన్ కళ్ళు పెరికించి, చంపించింది. రజియాను కూడా చంపించబోయింది. ఏడు నెలలు నిండకముందే ఢిల్లీ ప్రజలు, సైన్యం కలిసి ఆ పాలనను కూలదోసి రజియాకు బైఅత్ చేశారు. స్త్రీల పెత్తనం వద్దని ఆమెను కాదన్న అమీర్లు ఆ ఏడు నెలలూ అనుభవించింది ఒక స్త్రీ పెత్తనమేనని చరిత్రకారులు ఎందుకో నొక్కి చెప్పరు.

ఆమె మూడు సంవత్సరాల ఆరు నెలల ఆరు రోజులు పాలించింది. వజీరు నిజాముల్ముల్క్ జునైదీ ఆమెను అంగీకరించక, మరి కొందరు మాలిక్‌లతో కలిసి ఢిల్లీ మీదికి వచ్చాడు. ఆమె వారిలో వారికి అనుమానాలు పుట్టించి, కొందరిని తన వైపు తిప్పుకొని, కూటమిని చెదరగొట్టింది. ఆ పిమ్మట లఖ్నౌతీ నుండి దేబల్ వరకు గల అధికారులందరూ లొంగిపోయారని మిన్హాజ్ వ్రాశాడు. తర్వాత ఆమె స్త్రీల దుస్తులు విడిచి, ఖబా, కులాహ్ ధరించి, ఏనుగు మీద ప్రజల మధ్యకు వచ్చింది. (ఇరవై రెండేళ్ళ తర్వాత ఓరుగల్లులో కాకతి రుద్రమ పగ్గాలు చేపట్టి శాసనాలలో "రుద్రదేవ మహారాజు" అనిపించుకున్నది. పేరులో, ఉడుపులో మగతనం చూపనిదే సామంతుల నోరు మూయించలేని కాలం అది, ఢిల్లీ అయినా ఓరుగల్లయినా.)

ఆమె పతనానికి కారణంగా సాధారణంగా చెప్పే పేరు ఒకటే: హబ్షీ జమాలుద్దీన్ యాఖూత్. ఇక్కడే సాక్షులను ఒక్కొక్కరినే పిలిచి విచారించాలి.

మొదటి సాక్షి మిన్హాజ్. ఢిల్లీలోనే ఉన్నాడు. రజియా కాలంలో నాసిరియా మద్రసా బాధ్యత అతనికి దక్కింది కాబట్టి ఆమె పట్ల కృతజ్ఞత ఉండవచ్చు. అయితే గ్రంథం పూర్తి చేసింది 1260లో, ఆమె వంశంలోని వేరొక సుల్తాన్ నీడలో. ఆమెను కూలదోసిన తుర్కు అమీర్ల వర్గం వారే అప్పటికి పెద్దలు. అంటే ఆమెను పొగిడితే లాభమేమీ లేదు, దూషిస్తే ప్రమాదమూ లేదు. అలాంటి స్థితిలో అతను ఆమెను వివేకవతి, న్యాయశీలి, దాత, పండితులను ఆదరించినది, సేనలను నడపగలది అని వర్ణించి, పురుషునిగా పుట్టే అదృష్టం లేకపోయాక ఇవన్నీ ఆమెకు ఏం ఉపయోగపడ్డాయని వాపోయాడు. ఈ వాక్యాన్ని చాలామంది తీర్పుగా చదువుతారు. నిజానికి అందులో ఉన్నది ఆమె మీద తీర్పు కాదు, ఆమె చుట్టూ ఉన్నవారి మీద ఫిర్యాదు. గుణాలలో లోపం ఒక్కటీ చూపకుండా, ఆ గుణాలు చెల్లని లోకాన్ని చూపించాడు.

యాఖూత్ గురించి అతను చెప్పినదెంత? గుర్రపుశాలల అధికారి అయిన యాఖూత్‌కు సుల్తాన్ సేవలో సాన్నిధ్యం దొరికిందనీ, అది తుర్కు మాలిక్‌లకు కంటగింపైందనీ. అంతే. ఇది రాజనీతికి సంబంధించిన వాక్యం. ఉన్నత పదవులు తమ జాతి సొత్తని భావించిన బానిస సర్దారుల నడుమ తుర్కు కానివాడిని పైకి తేవడమంటే వారి మూలానికే గొడ్డలి పెట్టడం. ఆమె తండ్రి పెంచిన వర్గమే అది. ఆ పట్టును సడలించాలని చూసిన పురుషులకూ ఆ వర్గం చేతిలో ఇదే గతి పట్టింది. ఆమె తర్వాత గద్దెనెక్కిన బహ్రామ్ షాహ్ 1242లో హతుడయ్యాడు. అతనిది స్త్రీత్వం అని ఎవరూ అనలేదు.

రెండవ సాక్షి ఇసామీ. "ఫుతూహుస్సలాతీన్" 1350 ప్రాంతంలో ముగిసింది, మన దక్కనులో, తొలి బహమనీ సుల్తాన్ ఆశ్రయంలో. ముహమ్మద్ బిన్ తుగ్లఖ్ రాజధానిని దౌలతాబాద్‌కు మార్చినప్పుడు వృద్ధుడైన తాతతో పాటు బయలుదేరి, దారిలోనే తాతను పోగొట్టుకున్నవాడు ఇసామీ. ఢిల్లీ గురించి అతనికి మిగిలింది జ్ఞాపకాలూ, విన్న మాటలూ. రజియా గుర్రమెక్కేటప్పుడు యాఖూత్ చేయి పట్టి ఎక్కించేవాడని అతను చెప్పాడు. తాను విన్నదిగానే చెప్పాడు. దాని వెంట స్త్రీ జాతి మీద పెద్ద దండకమే చదివాడు. విన్నది ఎవరి నోట? ఆ మనిషి పేరు లేదు. సంఘటనకు, రచనకు మధ్య నూట పది సంవత్సరాలు. ఒక హదీసు ఇటువంటి సనదుతో వస్తే మద్రసాలో మొదటి సంవత్సరం విద్యార్థి కూడా పక్కన పెడతాడు.

మూడవ సాక్షి ఇబ్నె బతూతా. 1334లో ఢిల్లీ చేరాడు. యాత్రా గ్రంథాన్ని 1355లో మొరాకోలో చెప్పి వ్రాయించాడు. హబ్షీతో సంబంధం ఉందని ఆమెను అనుమానించారని ఆయన అంటాడు. గమనించవలసింది క్రియాపదం. "అనుమానించారు". చేసిందని ఆయన కూడా అనలేదు. తర్వాతి శతాబ్దాల చరిత్రకారుల చేతిలో ఈ అనుమానం కాస్తా చంకల కింద చేయి వేసి ఎత్తి గుర్రమెక్కించడం దాకా పెరిగింది. కమాల్ అమ్రోహీ 1983లో తీసిన హిందీ చిత్రంలో అది పూర్తి ప్రేమకథ అయింది. సినిమావారిని నిందించి ప్రయోజనం లేదు, వారికి కావలసింది వారు తీసుకున్నారు. నిలదీయవలసింది ఖుర్ఆన్, హదీసు చదివి కూడా ఆ మాటను చరిత్రగా తిరగ వ్రాసిన పండితులను.

ఎందుకంటే ఇది చరిత్ర పద్ధతికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. శీలవతి మీద నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివాడికి సూరా నూర్ ఎనభై కొరడా దెబ్బలు విధించి, అతని సాక్ష్యం ఇక చెల్లదన్నది. ఈ నియమం మన ఇరుగుపొరుగు ఆడవారికి వర్తిస్తుంది గానీ, 1240లో చనిపోయిన పాలకురాలికి వర్తించదని ఏ ఫిఖ్హ్ గ్రంథం చెప్పింది? ఒక్క సాక్షీ లేని మాటను "చరిత్రకారులు అంటారు" అనే ముసుగులో మరల మరల ముద్రిస్తున్నారు.

స్త్రీ పాలన చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపి వేయడమే ఈ విషయంలో జరిగిన పెద్ద పొరపాటు. హజ్రత్ అబూ బక్రా (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. అది ఈరాన్ ప్రజలు కిస్రా కుమార్తెను గద్దెనెక్కించిన వార్త సందర్భంలో చెప్పినది. అధిక సంఖ్యాక ఫుఖహా దాని ఆధారంగా స్త్రీ సర్వోన్నత నాయకత్వాన్ని ఒప్పుకోలేదు. స్త్రీ సాక్ష్యం చెల్లే వ్యవహారాలలో ఆమె ఖాజీ కావచ్చునని ఇమామ్ అబూ హనీఫా మతం. సబా రాణిని దివ్య ఖుర్ఆన్ సలహాసంప్రదింపులు జరిపే వివేకవతిగా చూపించిన సంగతినీ వాదించేవారు ఎత్తి చూపుతారు. ఈ వాదం తెగకపోయినా పండితులు దాన్ని సాగించవచ్చు. కానీ నాయకత్వం నిషిద్ధమని నమ్మేవారికి కూడా శీలం మీద నింద వేసే హక్కు ఆ నమ్మకం వల్ల రాదు. స్వయంగా ఖాజీ అయిన మిన్హాజ్ ఈ భేదాన్ని పాటించాడు. ఆమె స్త్రీ కావడాన్ని దురదృష్టంగా చెప్పాడే గాని, ఆమె నడవడిని తాకలేదు.

చివరి ఘట్టం త్వరగానే ముగిసింది. 1240లో తబర్‌హిందాలో అల్తూనియా తిరగబడ్డాడు. అణచడానికి వెళ్ళిన సైన్యంలోని తుర్కు అమీర్లే యాఖూత్‌ను చంపి, ఆమెను అల్తూనియాకు అప్పగించారు. ఢిల్లీలో పదవుల పంపకంలో తనకేమీ దక్కలేదని తెలిసిన అల్తూనియా, ఖైదీని పెళ్ళాడి, ఆమెతో కలిసి రాజధాని మీదికి కదిలాడు. ఓడిపోయి, కైథల్ దగ్గర సైన్యం విడిచిపోగా, ఆ అక్టోబరులోనే ఇద్దరూ చంపబడ్డారు. ప్రేమకథ వ్రాసేవారికి ఈ పెళ్ళి ఎప్పుడూ ఇబ్బందే.

నేడు ఢిల్లీలో తుర్క్‌మాన్ దర్వాజా వెనుక బుల్బులీ ఖానా సందుల్లో, ఇళ్ళ గోడల నడుమ, కప్పు లేని ఆవరణలో ఉన్న సమాధిని ఆమెదని చూపిస్తారు. కైథల్ వారు తమ ఊళ్ళో ఉన్నదే అసలైనదంటారు. ఆ అనుమానపు మాటను దేశదేశాలకు మోసుకుపోయిన ఇబ్నె బతూతాయే ఇంకొక సంగతి కూడా వ్రాసి పెట్టాడు: తాను ఉన్న రోజుల్లో యమున ఒడ్డున ఉన్న ఆమె సమాధి వద్దకు జనం బర్కత్ కోరి వచ్చేవారట. ఆ వాక్యాన్ని ఎత్తి చూపేవారు తక్కువ.