తెరచాటు శ్రవణము

గౌతముడు న్యాయసూత్రములలో ప్రత్యక్షమునకు లక్షణము చెప్పుచు, ఇంద్రియము విషయమును తాకగా పుట్టిన జ్ఞానమని మాత్రము పలికి ఊరకొనక, అది అవ్యభిచారియు, అనగా దారి తప్పనిదియు, అవ్యపదేశ్యమును, అనగా పేరుతో కలియనిదియు కావలెనని నియమించెను. ఈ రెండవ విశేషణముపై వ్యాఖ్యాతలు చేసిన వివాదమునకు అంతము లేదు గాని, ఇంట సంగీతము వినుటకై స్పీకర్లు కొనబోవువానికి ఇంతకంటె ఉపకరించు మాట శాస్త్రములలో నాకు కానరాలేదు. ఏలయన, దుకాణమున అతడు వినునది నాదము మాత్రమే కాదు. నాదముతో పేరును, పేరుతో వెలయు, పెట్టె ఎత్తును, కొయ్య నిగనిగయు కూడ అతని చెవిలోనికే పోవుచుండును.

"నా చెవికి మించిన ప్రమాణము లేదు" అనువా రొక పక్షము. "గ్రాఫు కాగితముపై గీత తిన్ననైనచో నాదమును తిన్ననిదే" అనువారు వేఱొక పక్షము. మొదటివారు తమ చెవిని ఒంటరిగా ఎన్నడును పరీక్షించి యెఱుగరు. రెండవవారు ఆ గీతకు అర్థము చెప్పినది చెవియేనని మఱతురు. చెవిని నిజముగా గౌరవించిన సంప్రదాయము వీరిరువురి కలహమునకు దూరముగా, ఒటావాలో పెరిగినది.

కెనడా జాతీయ పరిశోధన మండలిలో 1965లో చేరిన ఫ్లాయిడ్ టూల్, వినువాని తీర్పును నమ్మదలచియే, చెవిని కంటినుండి విడదీయుటకు పూనుకొనెను. ధ్వని సాగునట్టియు చూపు సాగనట్టియు పలుచని తెర కట్టి, దాని వెనుక స్పీకర్లను నిలిపి, ఒకే పాటను ఒకదానిపై ఒకటిగా మార్చి మార్చి వినిపించి మార్కులు వేయింతురు. జతగా గాక ఒంటి స్పీకరునే పలికింతురు. స్టీరియో విస్తారము దోషములను కప్పిపుచ్చునని ఆ ప్రయోగములే తెలిపినవి. అన్నింటి బిగ్గఱతనమును సమము చేయుదురు. ఈ యొక్క నియమమును నేను తక్కినవాని కెల్ల మిన్నగా ఎంతును. ఒక పెట్టె ఒక్కింత బిగ్గఱగా పలికెనేని, వినువాడు దానిని బిగ్గఱతనముగా గుర్తింపక, గుణముగానే గుర్తించును. బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనువారు 1933లో ప్రకటించిన వక్రరేఖల ననుసరించి, ధ్వని తగ్గినకొలది మన చెవికి మంద్రస్వరములు మఱింత త్వరగా సన్నగిల్లును గనుక, బిగ్గఱగా పలుకుదానికి తనది కాని నిండుదనము వచ్చిపడును. అమ్మకమున ఆరితేరినవారికి ఈ రహస్యము ఏ గ్రంథమును చదువకయే తెలియును.

ఇక స్థానము. గది మూలనున్న పెట్టె మంద్రము వేఱు, గోడ నడుమనున్న పెట్టె మంద్రము వేఱు. అందుచేత, 1991లో టూల్ చేరిన హర్మన్ సంస్థవారు, కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్‌లో, ఒకదాని చోట మఱియొకదానిని క్షణములలో తెచ్చి నిలుపుటకు గాలి ఒత్తిడితో నడచు యంత్రమునే కట్టిరి. మన కూచిపూడివారి భామాకలాపమున సత్యభామ జడను తెరపై వేయుట చూపును ఊరించుటకు. ఈ తెర చూపును ఓడించుటకు.

1994లో టూల్, అతని సహచరుడు షాన్ ఆలివ్ ప్రకటించిన ప్రయోగమున, హర్మన్ సంస్థ ఉద్యోగులే యగు 40 మంది నాలుగు స్పీకర్లను తెరచాటునను, కంటియెదుటను వినిరి. తెరచాటున గౌరవము పొందిన చవుకైన చిన్న అమరిక, కంటబడగానే క్రిందికి జారెను. తమ సంస్థవైన పెద్ద పెట్టెలు పైకెక్కెను. ఇందు నన్ను కలవరపెట్టినది పక్షపాతము కాదు, అది ఊహింపదగినదే. తెరచాటున వారు గుర్తించిన స్థానభేదములు, పాటను బట్టి మాఱు తేడాలు, చూచుచు వినునప్పుడు చాలవఱకు మాసిపోయెను. కన్ను చెవికి అబద్ధము చెప్పుటతో ఆగలేదు; చెవిని నిద్రపుచ్చినది.

లోకము భిన్నరుచి గదా యందురు. 2003లో ఆలివ్ 268 మందిచేత నాలుగు స్పీకర్లను తెరచాటున వినిపింపగా, శిక్షణ పొందినవారు తప్పులను చురుకుగా పట్టిరి గాని, మంచిచెడ్డల వరుస అందఱికిని ఇంచుమించు ఒకటే. పాట నచ్చుట నచ్చకపోవుట అభిప్రాయము; పాటను మోయు పెట్టె యోగ్యత చాలవఱకు అభిప్రాయము కాదు.

కొలత ఇక్కడ ప్రవేశించును. ప్రతిధ్వని పుట్టని మందిరమున స్పీకరును 10 డిగ్రీల కొకమారు త్రిప్పుచు, అడ్డముగను నిలువుగను మొత్తము 70 కొలతలు తీయుదురు. ఎదుటికి వచ్చు ధ్వనియే గాక ప్రక్కలకు పోయి గోడలపై బడి మఱలివచ్చు ధ్వనియు మనము వినునదే గనుక. 2004లో ఆలివ్ 70 స్పీకర్ల కొలతలనుండి శ్రోతల తీర్పును ముందే లెక్కించు సూత్రము కట్టగా, లెక్కకును తీర్పునకును సంబంధము 0.86 అని తేలెను. అందు మంద్రపు లోతు పాలు దాదాపు 30 శాతము. శ్రోత పలికిన తీర్పునే అంకెలలో వ్రాసికొనిరి, అంతే. చెవి ముందు, లెక్క తరువాత అనుటకు మన మృదంగమును సాక్షియే. దాని కుడిమూతపై నల్లని పూతను పొరపొరగా పెట్టినవారు చెవినే గురువుగా గొనిరి. ఆ పూత వలన ఉపస్వరములు ఎట్లు శ్రుతిలో కూడుకొనునో భౌతికశాస్త్రవేత్త సి.వి. రామన్ తన సహచరునితో కలిసి నేచర్ పత్రికలో వివరించినది 1920లో. అయినను స్పీకరు కొలతకును హద్దు కలదు. కొన్నివందల హెర్ట్జ్‌లకు క్రింద రాజ్యము గదిది. మీ గోడల సంగతి ఏ గ్రాఫును చెప్పజాలదు.

మొన్న ఒక ఆదివారము, ఇంట పాత నూలుచీర నొకదానిని తెరగా కట్టి, చేతిఫోనులోని ధ్వనిమాపకముతో బిగ్గఱతనము సరిచూచి, రెండు స్పీకర్లను వినిపించితిమి. మా బావమఱది తాను ఎంతకాలమో ఎగతాళి చేసిన చిన్నపెట్టెకే మూడుమార్లును ఓటువేసెను. తెర తీయగానే, "బావా, ఈ చీర ధ్వనిని చెఱచినది, ఇప్పుడు పెట్టుము" అనెను. మఱల పెట్టితిని. తెరచాటున నేనును చిన్నదానినే మెచ్చితిని. కాని దాని అట్టపెట్టెవంటి దేహమును చూచుచు వినుచుండగా, పాట నిజముగానే కొంత పలుచబడినట్లు తోచెను.