'ఆకాశ పతనం': ఒక అరణ్యవాసి వాంగ్మూలం

ప్రబంధాల నుంచి భావకవిత్వం దాకా మన సాహిత్యంలో అడవి ఎక్కువగా వర్ణనావస్తువుగానే ఉండిపోయింది. వేటకొచ్చిన రాజు కనిపిస్తాడు, విరహి కనిపిస్తాడు. అక్కడే పుట్టి పెరిగినవాడు అరుదు. ఆ అలవాటుతో చదివే తెలుగు పాఠకుణ్ణి దావి కోపెనావా 'ఆకాశ పతనం' గట్టిగా కుదుపుతుంది.

కోపెనావా బ్రెజిల్ అమెజాన్ అడవుల్లోని యానోమామి తెగ మంత్రవైద్యుడు. తన భాషలో ఆయన చెప్పినదాన్ని బ్రూస్ అల్బేర్ అనే ఫ్రెంచి మానవశాస్త్రజ్ఞుడు గ్రంథస్థం చేశాడు. 2010లో ఫ్రెంచిలో, 2013లో ఇంగ్లీషులో వెలువడింది.

ఇందులో అరణ్యాన్ని ఆత్మలు కాపాడుతుంటాయి. మంత్రవైద్యులు నశిస్తే ఆకాశం కూలుతుంది. ఇది మూఢవిశ్వాసమని పక్కన పెట్టే అభ్యుదయవాదులు మనలో ఉండవచ్చు. నేను ఒప్పుకోను. విశ్వాసం వెనకనున్న జీవితాన్ని చూడాలి. 1980ల చివర సుమారు 40,000 మంది బంగారం తవ్వేవాళ్లు ఆ నేలమీద పడ్డారు. మలేరియా తెచ్చారు. బంగారాన్ని వేరుచేసే పాదరసం ఏటినీళ్లలోకి, చేపల్లోకి, మనుషుల్లోకి చేరింది. అడవి జబ్బుపడితే మనిషి జబ్బుపడతాడన్నది అక్కడ కళ్లెదుటి వాస్తవం.

ఆ నేలను 19 ముక్కలు చేయజూసిన ప్రభుత్వం, పోరాటాల ఫలితంగా 1992లో సుమారు 96,000 చదరపు కిలోమీటర్లను యానోమాముల భూమిగా గుర్తించింది. బ్రెజిల్‌లో ఆదివాసుల భూముల్లో చుట్టుపక్కలకంటే అడవి మెరుగ్గా నిలిచి ఉందని ఉపగ్రహ చిత్రాలు చూపుతున్నాయి. అయినా హద్దులు గీసిన కాగితం ఒక్కటే చాలలేదు. 1993లో హాషిము వద్ద తవ్వకందార్లు 16 మందిని చంపారు. నిఘా సడలినప్పుడు మళ్లీ చొరబడ్డారు. ఆకలి, మలేరియా ముదిరి 2023 జనవరిలో ప్రభుత్వం అక్కడ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది.

గ్రంథంతో నాకొక పేచీ ఉంది. సరుకుల మోజుపడ్డ జాతిగా తెల్లవాళ్లను చాలాచోట్ల ఒకే గాటన కట్టేస్తుంది. తవ్వేవాళ్లలో చాలామంది నిరుపేదలు. యంత్రాలకు, విమానాలకు డబ్బు పెట్టేవాడు, బంగారం కొనేవాడు వేరు. ఈ తేడా రావలసినంత బలంగా రాలేదు.

అడవి ఎవరిదన్న ప్రశ్న మనకూ కొత్తది కాదు. షెడ్యూల్డు ప్రాంతాల భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన్యం మీద కథ రాయబోయే యువరచయితలు ఆ నేల ఎవరి పేరున ఉందో, ఎవరి సాగులో ఉందో ముందు తెలుసుకోవాలి. ఆదివాసి చెప్పింది రాసుకుంటే అతని పేరు ఎక్కడ వేయాలో కూడా ఆలోచించాలి. ఈ గ్రంథం అట్టమీద మొదటి పేరు కోపెనావాది.