ఛాయనుండి స్వరూపమునకు

గాజువాక ప్రక్కనున్న ఆటోనగర్ షెడ్లలో వెల్డింగు చేసిన అతుకు పైకెంత నునుపుగా కనబడినను, లోపల గాలిబుడగ మిగిలినదేమో యను శంకను కోయకుండ తీర్చుకొనదలచినవారికి రేడియోగ్రఫీ యొక మార్గము. అయితే ఇరీడియం-192 నుండి వెలువడిన గామా కిరణము తాను నడచిన దారి పొడవునను తగిలిన అడ్డంకినంతయు కూడి ఫిలిముపై ఒక్క మచ్చగా వ్రాయును గనుక, బుడగ యున్నదని తెలియునే గాని యెంత లోతున నున్నదో ఒక్క చిత్రమువలన తెలియదు. కిరణతీవ్రత తగ్గిన నిష్పత్తికి సంవర్గమానము తీసినచో లభించునది ఆ రేఖ వెంబడి సమాకలనము. ఇట్టి సమాకలనములనుండి లోపలి స్వరూపమును రాబట్టుట సమాకలన జ్యామితి చేయు పని. సమతలమునందలి సరళరేఖల విషయమున దానిని 1917లో యోహాన్ రాడోన్ సాధించెను.

ఇందలి బీజగణిత మార్గము నా దృష్టిలో మిక్కిలి మనోహరమైనది. ఒక చతురస్రమును నాలుగు గళ్లు చేసి, గడికొక తెలియని సంఖ్య నుంచి, అడ్డువరుసల మొత్తములు 5, 7 అనియు నిలువువరుసల మొత్తములు 4, 8 అనియు కొలిచితిమనుకొందము. ఎటు కూడినను 12. అట్లుగాక 8కి బదులు 9 వచ్చియుండిన, గళ్లలో నేమున్నదో యెరుగకముందే కొలత తప్పని చెప్పవచ్చును. కొలతలు పొసగినను చిక్కు తీరదు: ఒక కర్ణముమీది రెండు గళ్లకు ఒక్కొక్కటి కలిపి, రెండవ కర్ణముమీది వానినుండి ఒక్కొక్కటి తీసివేసినచో నాలుగు మొత్తములును మారవు గనుక, ఒక కర్ణము వెంబడి మరియొక కిరణమును పంపినగాని సంఖ్యలు నిర్ణయము కావు.

పొసగుట యను ఈ నియమమే త్రిపరిమాణమున గంభీరరూపము దాల్చును. బిందువును గుర్తించుటకు మూడు సంఖ్యలు చాలును. సరళరేఖకు నాలుగు వలయును. ఆ మిగులువలన కొలతలు ఒక ద్వితీయ క్రమపు రేఖీయ పాక్షిక అవకలన సమీకరణమునకు లోబడవలెనని 1938లో ఫ్రిట్జ్ జాన్ చూపెను. స్థిరగుణకములు గల అట్టి సమీకరణమున అవకలన సంకేతములకు బదులు చరరాశుల నుంచినచో బహుపది యగును. అది శూన్య బహుపది కానంతవరకు సమీకరణమునకు మూలసాధన, అనగా ఒక్క బిందువుననే ప్రేరణ యున్నప్పటి సాధన, కలదని మాల్‌గ్రాంజ్, ఎరెన్‌ప్రైస్‌లు 1950వ దశకమున వేర్వేరుగా నిరూపించిరి.

ఇట్టి గళ్ల లెక్కతోనే దేహము లోపలి చిత్రమును రాబట్టు సి.టి. యంత్రములలో, హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన తొలి స్కానరున 6,400 గళ్లకు 28,800 కొలతలు. ఇంతటి సమీకరణసముదాయము సరిగా పొసగుట యరుదు. పొసగని వానికిని, సాధన లొకటికి మించిన వానికిని ఉపకరించు సాధారణీకృత విలోమమును గూర్చి, వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు, సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో ప్రామాణిక గ్రంథమును వెలువరించెను.

సాధనకన్న పొసగుదల పరీక్షయే ముందు నేర్వవలసిన విద్య యని నా నిశ్చయము. విశాఖ పాలిటెక్నిక్ అధ్యాపకులు ఫిలిము చదువుటతోబాటు ఈ నాలుగు గళ్ల లెక్కను గూడ బోధింపవలెనని నా మనవి.